నివురు కింది నిప్పును చూసే కన్ను

పిల్లలూ! లక్డీకాపూల్‌లో మేముండే మేడ కింద, స్కూటర్లు నిలిపే చోట, ఓ మూలగా చిన్న గది ఉన్నది. మేడలోని ఇళ్లన్నిటి కరెంటు మీటర్లూ ఆ గదిలో బారులుగా బిగించి ఉంటాయి. ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది గనక మా మేడ పిల్లలకు ఆ గది అంటే ఒక వింత. మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆ తాళం తీశారు. పిల్లలంతా పరుగెత్తుకొని వచ్చారు.

నా దగ్గిర చదువుకొన్న ఒక అమ్మాయి ఇప్పుడు విద్యుత్ ఇంజనీరు. కర్మాగారాలకు పోయి, అక్కడి యంత్రాలలోనూ, తీగెలలోనూ ప్రమాదం పొంచి ఉన్నదేమో పరీక్షించి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ రోజు నన్ను చూడడానికి వచ్చింది. ఆమె సంచిలో పిస్తోలు ఆకారంలో ఒక కెమెరా ఉన్నది. "అమ్మా, మా మీటర్ల గది కూడా ఒకసారి చూసిపెట్టు. ఎండాకాలం వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఏసీలు తిరుగుతున్నాయి," అని అడిగాను.

"అలాగే సార్. ఐతే పిల్లలు మాత్రం గడప అవతలే నిలబడాలి," అన్నది ఆమె.

తలుపు తీసి చూస్తే లోపల విశేషమేమీ కనిపించలేదు. బూజు పట్టిన పెట్టెలు, ఎర్రవీ పచ్చవీ నీలంవీ తీగెలు, అంతే. ఆమె గడప దగ్గిరే నిలబడి కెమెరాను పెద్ద స్విచ్చివైపు తిప్పింది. కెమెరా వెనక చిన్న తెరమీద అదే గది మరో రంగుల్లో కనిపించింది. గోడలు ముదురు నీలం. పెట్టెలు ఊదా. ఒక్క చోట మాత్రం, ఒక తీగె వచ్చి స్విచ్చికి కలిసే మొన దగ్గిర, తెల్లటి చుక్క ఒకటి ధగధగా మెరుస్తున్నది.

"తాతా, నిప్పంటుకొన్నది!" అని మా మనుమడు కేక పెట్టాడు.

"ఇంకా అంటుకోలేదు నాయనా. అందుకే ఇప్పుడు చూస్తున్నాం," అని ఆమె నవ్వి, నావైపు తిరిగి, "సార్, పెద్ద స్విచ్చికి మూడు తీగెలు వస్తున్నాయి గదా. రెండింటి మొనలు 45 డిగ్రీల దగ్గిర ఉన్నాయి. మూడోది 95 దాటింది. మూడింటి మీదా బరువు ఇంచుమించు సమానమే. కనక ఆ ఒక్క చోట ఏదో లోపం ఉన్నది. రేపటిదాకా ఆగవద్దు," అన్నది.

వెంటనే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. కరెంటు ఆపి మూత విప్పాడు. ఆ తీగెను పట్టి ఉంచే మర వదులై ఉన్నది. తీగెమీది ప్లాస్టిక్ తొడుగు మాడిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కింది. మాడిన మొన కత్తిరించి, కొత్త మొన బిగించి కరెంటు ఇచ్చాడు. అరగంట తరవాత మళ్లీ కెమెరాతో చూస్తే మూడు మొనలూ ఒకే రంగులో ఉన్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గిర మా మనుమడు అడిగాడు: "తాతా, గదిలో దీపం వెలుగుతూనే ఉన్నది. మనమంతా ఆ తీగెనే చూస్తున్నాం. కెమెరాకు కనిపించింది మన కళ్లకు ఎందుకు కనిపించలేదు?"

మంచి ప్రశ్న. ఈ నెల దానికే జవాబు చెప్పుకొందాం.

ఎరుపుకు అవతల

మన పెద్దలు "నివురుగప్పిన నిప్పు" అంటారు. పొయ్యి ఆరిపోయినట్టే ఉంటుంది. పైన తెల్లని బూడిద. చూసినవాడు చల్లారిందనే అనుకొంటాడు. కాని చెయ్యి దగ్గిర పెడితే సెగ తగులుతుంది. కంటికి తెలియనిది చర్మానికి తెలిసింది! అంటే నిప్పునుంచి వెలుతురు కాక మరేదో కూడా బయటికి వస్తున్నదన్న మాట. అదేమిటో మొదట పట్టుకొన్నవాడు విలియం హెర్షెల్.

హెర్షెల్ జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డవాడు. వృత్తి సంగీతం. ఆకాశంలోని చుక్కలమీద మోజుకొద్దీ తన దూరదర్శినులను తానే చేసుకొన్నాడు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టింది ఆయనే. సూర్యుణ్ణి చూడడానికి రంగు అద్దాలు వాడుతూ ఉంటే, ఒక రంగు అద్దం గుండా వేడి ఎక్కువగానూ, మరో దాని గుండా తక్కువగానూ వస్తున్నట్టు ఆయనకు తోచింది. ఐతే ఏ రంగులో ఎంత వేడి ఉన్నది?

1800లో ఆయన ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఎండను గాజు పట్టకం గుండా పంపి, బల్లమీద ఏడు రంగుల పట్టీ పడేట్టు చేశాడు. గుండ్లకు నలుపు పూసిన థర్మామీటర్లను ఆ రంగుల్లో పెట్టాడు. ఊదాలో వేడి తక్కువ. ఆకుపచ్చలో కొంత హెచ్చు. ఎరుపులో ఇంకా హెచ్చు. తరవాత ఎరుపు దాటి, రంగే లేని చోట ఒక థర్మామీటరు పెట్టి చూశాడు. అక్కడ అది అన్నిటికన్నా ఎక్కువగా చూపింది! కంటికి ఏమీ కనిపించని చోట అంత వేడి ఎక్కడినుంచి వచ్చింది? ఎరుపుకు అవతల కూడా కిరణాలు ఉన్నవన్న మాట. వాటినే మనం పరారుణ కిరణాలు అంటున్నాం. పర అంటే అవతలి, అరుణం అంటే ఎరుపు. పేరులోనే అర్థం ఉన్నది.

అన్నీ వెలుగుతూనే ఉన్నాయి

కమ్మరి కొలిమి చూశారా? ఇనుప కడ్డీని కాలుస్తూ ఉంటే మొదట అది నల్లగానే ఉంటుంది. 500 డిగ్రీలు దాటిన తరవాత మసక ఎరుపు వస్తుంది. ఇంకా కాలిస్తే నారింజ, తరవాత పసుపు, చివరకు తెలుపు. కమ్మరి థర్మామీటరు లేకుండానే రంగు చూసి సమ్మెట వేసే అదను తెలుసుకొంటాడు.

ఎర్రబడకముందు ఆ కడ్డీ ఏమీ ఇవ్వడంలేదా? ఇస్తూనే ఉన్నది. కాని అదంతా పరారుణం. కడ్డీయే కాదు, మీరూ నేనూ, ఈ పుస్తకమూ, ఫ్రిజ్‌లోని మంచుగడ్డా, అన్నీ పగలూ రాత్రీ పరారుణ కిరణాలు విడుస్తూనే ఉన్నాయి. వేడి హెచ్చినకొద్దీ ఎక్కువగా విడుస్తాయి. మన కంటికి ఆ శక్తి లేదు, అంతే.

వెలుతురు అలలవంటిది. మీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాను. మన కన్ను చూడగల అలల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రానుల వరకే. మన ఒంటినుంచి వచ్చే పరారుణంలో బలమైనవి 9, 10 మైక్రానుల పొడవు ఉంటాయి. మీటర్ల గదిలో మన కెమెరా చూసింది ఇటువంటి పొడవైన అలలనే.

కరోనా రోజుల్లో బడి గేటు దగ్గిరా, మెట్రో స్టేషన్లోనూ నుదుటికి పిస్తోలువంటిది చూపి జ్వరం చూసేవారని మీలో కొందరికి గుర్తుండవచ్చు. అదీ ఈ జాతిదే. ఐతే అది ఒక్క చోటి వేడినే అంకెలో చెబుతుంది. థర్మల్ కెమెరా ఒకేసారి వేల చోట్ల వేడిని కొలిచి బొమ్మగా చూపుతుంది.

ఆ కెమెరా లోపల ఏమున్నది? ముందు ఒక కటకం. అది గాజుది కాదు, జెర్మేనియంది. జెర్మేనియం మన కంటికి నిగనిగలాడే బూడిదరంగు లోహపు బిళ్లలా ఉంటుంది. దాని గుండా మనకేమీ కనిపించదు. కాని ఈ పొడుగు అలలు దాని గుండా హాయిగా పోతాయి. గాజు సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. మనకు కిటికీ ఐన గాజు ఈ అలలకు గోడ!

కటకం వెనక బుల్లి పలకలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఎంత బుల్లివంటే, ఒక తలవెంట్రుక మందంలో మూడు నాలుగు ఇమిడిపోతాయి. వరసకు 320 చొప్పున 240 వరసలు ఉంటే మొత్తం ఎన్ని? లెక్క కట్టండి. 76,800. పరారుణ కిరణం తగిలిన పలక రవ్వంత వేడెక్కుతుంది. వేడెక్కితే కరెంటును అడ్డే గుణం మారుతుంది. ఆ మార్పును లెక్కకట్టి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క చుక్క చొప్పున తెరమీద రంగు వేస్తారు. చల్లనిదానికి నీలం, వేడిదానికి పసుపో తెలుపో. ఇవి నిజమైన రంగులు కావు. పటంలో జిల్లాలకు రంగులు వేస్తాం గదా, అటువంటివి.

ఇటువంటి కెమెరాలు మన తెలుగునాట కూడా తయారవుతున్నాయి. మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని శాస్త్ర పరికరాలు చేసే కర్మాగారం ఉండేది. 1983లో దానిని ప్రభుత్వరంగంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకొన్నది. అక్కడ ఇప్పుడు చీకట్లో చూసే పరికరాలూ, థర్మల్ కెమెరాలూ ముఖ్యంగా మన సైన్యంకోసం చేస్తున్నారు. సరిహద్దున శత్రువును చూపే విద్యే కర్మాగారంలో ప్రమాదాన్నీ చూపుతున్నది.

వదులు మర ఎందుకు వేడెక్కింది?

జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లి ఉంటారు. వెడల్పు దారిలో జనం హాయిగా నడుస్తారు. ఇరుకు గేటు దగ్గిరికి వచ్చేసరికి తొక్కిడి, ఒరిపిడి, చెమట. తీగెలో కరెంటు సంగతీ ఇంతే. మర బిగువుగా ఉంటే తీగె మొన నిండుగా ఆనుతుంది. దారి వెడల్పు. మర వదులైతే ఏ ఒకటి రెండు చోట్లో తగులుతుంది. దారి ఇరుకు. ఆ ఇరుకు దగ్గిర వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే ఈ వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. ఎండాకాలం సాయంత్రం అందరూ ఏసీలు వేసినప్పుడు పాత స్విచ్చి ఎందుకు మాడుతుందో ఇప్పుడు తెలిసిందా?

ఈ పరీక్ష కరెంటు పోతూ ఉండగానే చెయ్యాలి. స్విచ్చి కట్టేస్తే వేడీ పోతుంది, చూడవలసినదీ పోతుంది. దూరంగా నిలబడి, దేనినీ ముట్టకుండా, పని ఆపకుండా చూడగలగడమే ఈ కెమెరాలోని గొప్ప. అందుకే విద్యుత్ సబ్‌స్టేషన్లలో, పెద్ద కర్మాగారాలలో దీనితో అప్పుడప్పుడూ తనిఖీ చేస్తారు.

ఆ తనిఖీ ఎందుకంత అవసరమో మన ఊరికి బాగా తెలుసు. 2025 మే 18న తెల్లవారిన తరవాత చార్మినార్ దగ్గిర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇంట్లో నిప్పంటుకొని 17 మంది పోయారు. వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. విద్యుత్ షార్ట్ సర్క్యూట్ వలన జరిగి ఉంటుందని తొలి విచారణలో అధికారులు చెప్పారు. నిప్పు పుట్టడానికి నిమిషం చాలు. కాని వదులు మరా, మాడిన తీగే నెలల తరబడి వేడిని చూపిస్తూనే ఉంటాయి. చూసేవాడు లేకపోతేనే చిక్కు.

రైలు, ఉక్కు, బొగ్గు, పొగ

మా మేడ మీదికి ఎక్కితే లక్డీకాపూల్ స్టేషన్ గుండా పోయే రైళ్ల చప్పుడు వినిపిస్తుంది. రైలు ఇరుసు చివర బేరింగు ఉంటుంది. అది చెడితే రాపిడి హెచ్చి ఇరుసు కాగిపోతుంది. పట్టించుకోకపోతే ఇరుసు విరిగి బండి పట్టాలు తప్పవచ్చు. వెనకటి రోజుల్లో బండి ఆగగానే రైల్వేవారు పెట్టె పెట్టెకూ పోయి చేత్తో తాకి చూసేవారు. ఇప్పుడు ముట్టకుండానే వేడి చూపే పరికరం పట్టుకొని చూస్తారు. బండి ఆగకుండానే చూడడానికి పట్టాల పక్కనే పరారుణ కన్ను పెట్టే పద్ధతి అమెరికాలో 1950ల్లోనే వచ్చింది. మన రైల్వేలలోనూ ఇటువంటివి ఉన్నాయి.

విశాఖ ఉక్కు కర్మాగారంవంటి చోట్ల, కరిగిన ఇనుమును పెద్ద పెద్ద పాత్రలలో ఒకచోటినుంచి మరోచోటికి తీసుకుపోతారు. దాని వేడి 1,400 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పాత్ర ఉక్కుదే, లోపలిది కరిగిన ఇనుము. మరి పాత్ర ఎందుకు కరగదు? లోపల వేడికి తట్టుకొనే ఇటుకలు పేర్చి ఉంటాయి గనక. వాడగా వాడగా ఆ ఇటుకలు ఒకచోట అరిగిపోవచ్చు. లోపల దిగి చూడడానికి వీల్లేదు. కాని ఇటుక పలచబడిన చోట పాత్ర బయట వేడి మచ్చ పడుతుంది. కెమెరాలో ఆ మచ్చ కనిపించగానే ఆ పాత్రను పక్కన పెట్టి బాగుచేస్తారు. కనిపించకపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

తడి ఆరని గడ్డి వామి వేస్తే లోపల ఉడికిపోతుందని, ఒక్కొక్కసారి తానే అంటుకొంటుందని రైతులకు తెలుసు. బొగ్గు కుప్పదీ అదే గుణం. బొగ్గు గాలిలోని ఆక్సిజనును పీల్చుకొని మెల్లగా వేడెక్కుతుంది. కుప్ప పెద్దదైతే లోపలి వేడి బయటికి పోలేదు. వేడెక్కినకొద్దీ ఇంకా వేగంగా పీలుస్తుంది. అట్లా రోజులు గడిచి చివరకు రాజుకొంటుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలలో కొండల్లా పోసిన బొగ్గును ఈ కెమెరాతో కాపలా కాయవచ్చు. పొగ రాకముందే ఎక్కడ వేడెక్కుతున్నదో తెలిస్తే అక్కడ తవ్వి, పరిచి, చల్లార్చవచ్చు.

నిప్పు అంటుకొన్న తరవాత కూడా ఈ కన్ను పనికివస్తుంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. సొరంగం నిండా దట్టంగా కమ్మిన పొగ రక్షించ వచ్చినవారికి పెద్ద అడ్డంకి ఐంది. పొగ అంటే చిన్న చిన్న మసి రేణువులు. అవి మామూలు వెలుతురును చెదరగొడతాయి. పొడుగైన పరారుణ అలలను అంతగా చెదరగొట్టలేవు. హుస్సేన్ సాగర్‌లో ఒక పుల్ల నిలబెట్టండి. చిన్న తరగ దానికి తగిలి చెదురుతుంది. పెద్ద అల దానిని లెక్కచెయ్యకుండా సాగిపోతుంది. ఇదీ అంతే. అందుకే పొగలో స్పృహతప్పి పడినవాణ్ణి వెతకడానికి అగ్నిమాపక దళాలు థర్మల్ కెమెరాలు వాడతాయి.

ఈ కంటికీ ఉన్నది గుడ్డితనం

ఇదంతా విని, "ఒక కెమెరా కొని పడేస్తే చాలు గదా!" అనుకొనేరు. ఆగండి.

మా ఇంజనీరు అమ్మాయి పిల్లలకు ఒక తమాషా చూపింది. తళతళలాడే స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ పోసి కెమెరా పెట్టింది. తెరమీద గ్లాసు చల్లగా, నీలంగా కనిపించింది! అందులో మసకగా మా మనుమడి చెయ్యే కనిపించింది. మెరిసే లోహం తన కిరణాలను చాలా తక్కువగా విడుస్తుంది. ఎదుటివాటి కిరణాలను అద్దంలా తిప్పికొడుతుంది. తరవాత ఆమె గ్లాసుకు నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అంటించింది. టేపు ఉన్నంత మేర తెల్లగా వెలిగిపోయింది. అదే గ్లాసు, అదే టీ!

తెలియనివాడు ఆ గ్లాసును చల్లనిదే అని చెప్పి ఉండేవాడు. కర్మాగారంలో మెరిసే రాగి పట్టీని చూసి "భయం లేదు" అని రాసి పోతే? గాజు తలుపు వెనక ఉన్నదాన్ని గాజు మీదినుంచే చూసి "అంతా బాగున్నది" అంటే? ఈ కెమెరా గోడల గుండా చూడదు. మందపాటి తొడుగుల గుండా చూడదు. పైపొర వేడి మాత్రమే చెబుతుంది. లోపల ఏమున్నదో ఆలోచించవలసింది మనిషే.

వేడిని కొలవడం ఒక ఎత్తు. ఎక్కడ కొలవాలో తెలియడం మరో ఎత్తు. ఈ మాట మనకు ఎంతో ఖరీదు పెట్టి నేర్పింది విశాఖపట్నం.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవారు లేచి పరుగెత్తుతూ దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

స్టైరీన్ ఒక ద్రవం. ప్లాస్టిక్ చెయ్యడానికి వాడతారు. దానిని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుల్లా కలుసుకొంటాయి. కలిసేటప్పుడు మరింత వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా కలుస్తాయి. బొగ్గు కుప్ప కథే మళ్లీ! కరోనా లాక్‌డౌన్ వలన ఆ రోజుల్లో పని ఆగి ఉన్నది. ద్రవం ట్యాంకులోనే నిలిచిపోయింది. తరవాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం పరిశీలించి అనేక లోపాలు ఎత్తి చూపింది. వాటిలో ఒకటి ఇది: ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉన్నది. నడుమా, పైనా లేదు.

బకెట్లో నీళ్లు రాడ్డుతో కాచుకొనేవారికి ఈ సంగతి వేరే చెప్పాలా? పైన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అడుగున చన్నీళ్లే. అడుగున థర్మామీటరు పెట్టుకొని కూచుంటే పైన ఏమవుతున్నదో ఎట్లా తెలుస్తుంది?

నేను చేసిన తప్పు

ఊరివారి తప్పులు చెప్పి నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. పదిహేనేళ్ల కిందటి మాట. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బడిలో ఆఫీసు గది మూల మెయిన్ స్విచ్చి ఉండేది. అటెండరు ఒకనాడు వచ్చి, "సార్, ఆ స్విచ్చి డబ్బా బాగ కాలుతున్నది. మాడు వాసన గూడ వస్తున్నది. జర ఎవరికన్న చూపియ్యుండ్రి సార్," అన్నాడు.

అప్పుడు పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయి. "పరీక్షలు కానియ్యి, చూద్దాం," అన్నాను. మూడు నాలుగు రోజుల తరవాత అతను మళ్లీ గుర్తు చేశాడు. నేను విసుక్కొన్నాను కూడా.

ఆ వారంలోనే ఒక రాత్రి ఆ డబ్బా అంటుకొన్నది. పక్కనే చెక్క బీరువా. దానిలో రిజిస్టర్లు. రాత్రి కనక పిల్లలెవరూ లేరు. అదొక్కటే అదృష్టం. మూడేళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు బూడిదయ్యాయి. ఆ బూడిదలో ఒక అమ్మాయి భవిష్యత్తు కూడా కొంత ఉన్నది. ఆమెకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. చదువు సర్టిఫికెట్లు అడిగారు. పాత పేర్లన్నీ పోగుచేసి, సాక్ష్యాలు తెచ్చి, పై అధికారుల చేత రాయించి ఇచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ ఏడు ఆమెకు చదువు లేదు. మరుసటి ఏడు చేరింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఏం జేస్తం సార్," అన్నాడు, అంతే. ఆ మాట నేను ఇప్పటికీ మరవలేదు.

ఆ అటెండరు దగ్గిర థర్మల్ కెమెరా లేదు. చెయ్యీ ముక్కూ ఉన్నాయి. అవి చెప్పవలసింది చెప్పాయి. అతనూ నాకు రెండుసార్లు చెప్పాడు. వినకపోయింది నేను. కెమెరా ఎంత గొప్పదైనా, "రేపు చూద్దాం" అనేవాడి చేతిలో పెడితే ఏమి లాభం?

నిప్పు చెప్పకుండా రాదు పిల్లలూ. ముందు వేడిని పంపి కబురు చేస్తుంది. ఆ కబురు అందుకోవడానికే ఈ కొత్త కన్ను. అందిన కబురుకు ఆ రోజే లేచి కదలవలసింది మాత్రం మనమే.

మీరు చెయ్యండి

ఒకటి: టీవీ రిమోటు మొన వైపు మీ నాన్నగారి ఫోను కెమెరా పెట్టి, బొత్తాం నొక్కండి. కంటికి కనిపించని వెలుగు ఫోను తెరమీద మినుకుమంటుంది. ఒక కెమెరాలో కనిపించకపోతే ఫోను ముందువైపు కెమెరాతో చూడండి. అదీ పరారుణమే. ఐతే ఎరుపు పక్కనే ఉండే పొట్టి అలలు అవి. వేడిని చూపే పొడుగు అలలను మామూలు ఫోను చూడలేదు.

రెండు: హెర్షెల్ ప్రయోగం మీ బడిలో చెయ్యవచ్చు. ఒక పట్టకం, నాలుగు థర్మామీటర్లు, గుండ్లకు పూయడానికి నల్లరంగు, మంచి ఎండ ఉంటే చాలు. ఒకటి నీలంలో, ఒకటి పసుపులో, ఒకటి ఎరుపులో, ఒకటి ఎరుపు దాటి పెట్టండి. పది నిమిషాలు ఓపిక పట్టండి. మీ సైన్సు మాస్టారో టీచరో దగ్గిర ఉండాలి. ఎండలోకి నేరుగా చూడకండి.

మూడు: ఇది పెద్దలతో కలిసి చెయ్యవలసిన పని. ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె పెట్టే ప్లగ్గుల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నదా? మాడు వాసన వస్తున్నదా? చిటపట చప్పుడు వినిపిస్తున్నదా? చూడండి, వాసన పట్టండి, వినండి. చేత్తో మాత్రం ముట్టకండి. ఏదైనా కనిపిస్తే ఆ క్షణమే అమ్మకో నాన్నకో చెప్పండి. అమ్మలూ నాన్నలూ! పిల్లవాడు చెప్పినప్పుడు "తరవాత చూద్దాం" అనకండి. ఆ మాట అని నష్టపోయినవాణ్ణి, నేను చెబుతున్నాను.

ఈ నెల ప్రశ్నలు

1. అర్ధరాత్రి దీపం లేని గదిలో థర్మల్ కెమెరాకు పిల్లి కనిపిస్తుందా? ఎందుకు?

2. గాజు కిటికీకి అవతల నిలబడ్డ మనిషి మన కంటికి కనిపిస్తాడు. థర్మల్ కెమెరాకు కనిపిస్తాడా?

3. స్టీలు చెంబులోని వేడినీళ్ల సంగతి కెమెరాతో తెలుసుకోవాలంటే ఏమి చెయ్యాలి?

జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. వెతికి పట్టుకోండి. మీరు రాసినవాటితో వచ్చే నెల సరిచూసుకొందాం.